రంగు చెదరని బోల్టు

పాత అంబాసిడర్‌ను బాగుచేయించేవాళ్లు ముందు ఇంజిన్ సంగతి అడుగుతారు, తర్వాత రంగు సంగతి. నేను తలుపు తీసి బందుల దగ్గరి బోల్టులు చూస్తాను. షెడ్డులో పని ఎంత శ్రద్ధగా జరిగిందో అక్కడ తెలిసిపోతుంది.

మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 నమూనాగా పుట్టిన ఈ కారు 2014 దాకా ఉత్తరపారాలో తయారైంది. ఆ తరం కార్లలో చాలావాటికి తలుపులు, బానెట్ బిగించాకే బాడీకి రంగు కొట్టేవారు. అందుకే బందుల బోల్టులకూ బాడీ రంగే అంటేది. వాటిని తీసేసి తళతళలాడే స్టీలు బోల్టులు వేస్తే తుప్పు బెడద తగ్గవచ్చు గానీ, కారు ఎలా తయారైందో చెప్పే గుర్తు పోతుంది.

తిరిగి బిగించేటప్పుడే అసలు కష్టం. పానా ఒక్కసారి జారితే బోల్టు అంచున రంగు లేచిపోతుంది. విశాఖ లాంటి ఊళ్లో ఉప్పుగాలికి ఆ గాటు చాలు.

తుప్పు వదిలించి, మరలకు టేపు చుట్టి, బోల్టులను అట్టకు గుచ్చి నిలబెట్టి, ప్రైమర్ మీద పల్చగా రంగు కొట్టాలి. తల అడుగున, వాషరు ఆనేచోట రంగు పేరుకోనివ్వకూడదు. మందపాటి రంగు ఒత్తిడికి నలిగిందంటే బిగువు సడలుతుంది. బ్రేకు, స్టీరింగ్ బోల్టుల దగ్గరైతే అందం ఊసే ఎత్తకూడదు.

ఆపైన ఆగాలి. హార్డెనర్ కలిపిన రంగు గంటల్లోనే చేతికి అంటకుండా ఆరుతుంది. లోపల గట్టిపడటానికి మాత్రం రోజులు పడుతుంది.

బిగింపుకు ఆరు మూలల సాకెట్ మంచిది. అది మూలలను కొరకకుండా పక్కలను పట్టుకుంటుంది. లోపల ఒక పొర మాస్కింగ్ టేపు అంటించి, ముందు వేళ్లతోనే మరలు పట్టించాలి. వెనక నట్టు అందితే తలను కదలనివ్వకుండా నట్టునే తిప్పాలి. ఇంత చేసినా ఎక్కడైనా గీత పడితే, సన్నటి కుంచెతో అప్పుడే పూడ్చేయాలి.

ఇవన్నీ మన మెకానిక్కులకు తెలియనివి కావు. రంగు ఆరగానే "రేపు బండి ఇచ్చేయండి" అని ఒత్తిడి పెట్టేది యజమానులే. కారు అప్పగించేనాడే బిగింపుకు విడిగా గడువు, విడిగా కూలి మాట్లాడుకోండి. వేలు పోసి వేయించిన రంగును కాపాడేది ఆ నాలుగు రోజుల ఓపికే.