రెండో కొస కొరికి చూడాలి

ఇంట్లో బీరు చేసుకునేవాళ్లం హాప్స్ గురించి గంటలకొద్దీ మాట్లాడుకుంటాం, ఈస్ట్ గురించి వాదులాడుకుంటాం. మాల్ట్ దగ్గరికొచ్చేసరికి ‘పిల్స్‌నర్ మాల్ట్ ఓ బస్తా’ అనేసి ఊరుకుంటాం. చెక్ పిల్స్‌నర్ దగ్గర ఆ పప్పులు ఉడకవు. 20 లీటర్లకు నాలుగున్నర కిలోల మాల్ట్ పడుతుంది, అదంతా ఒకటే రకం. అది బాగోకపోతే కప్పిపుచ్చడానికి మాడ్చిన గింజల రుచీ ఉండదు, పళ్ల వాసన తెచ్చే ఈస్టూ ఉండదు.

1842లో బవేరియా నుంచి వచ్చిన జోసెఫ్ గ్రోల్ పిల్సెన్‌లో ఈ బంగారు రంగు లాగర్ చేసినప్పుడు, లవణాలు తక్కువున్న నీళ్లు, సాజ్ హాప్స్, లేతగా ఆరబెట్టిన మాల్ట్ అతనికి కలిసొచ్చాయి. అప్పట్లో నానిన బార్లీని నేలమీద పరిచి, మొలకెత్తుతుంటే పారలతో తిరగేసేవారు. గింజ లోపల పిండి పూర్తిగా గుల్లబారేది కాదు. అందుకే మాష్‌లోంచి, అంటే వేడినీళ్లలో కలిపిన మాల్ట్ పిండిలోంచి, కొంత బయటికి తీసి, మరగబెట్టి, మళ్లీ కలిపేవారు, అదీ మూడుసార్లు. ఇప్పటి మాల్ట్‌కు అంత అవసరం లేదు. రుచికోసం ఒక్కసారి చాలని నేనంటాను, ఛాందసులు ఒప్పుకోరు.

కొనేముందు నాలుగు గింజలు నోట్లో వేసుకోండి. మొలక పుట్టే కొస ఎలాగూ మెత్తగానే ఉంటుంది, చూడాల్సింది రెండో కొస. అక్కడ పంటికి గట్టిగా తగిలితే మాల్టింగ్ అక్కడిదాకా చేరలేదన్నమాట. గింజంతా పేలపిండిలా రాలిపోతే అంతా గుల్లబారిందని అర్థం. మాల్ట్ తయారీదారు ఇచ్చే పరీక్ష కాగితంలో కోల్‌బాక్ సూచిక అనే అంకె కూడా ఉంటుంది. మొత్తం ప్రొటీన్‌లో ఎంత శాతం కరిగే రూపంలోకి మారిందో అది చెబుతుంది. 45 దాటిన బస్తా నేను ముట్టను. నురగ నిలవదు, బీరు పలచబడుతుంది. 40కి కాస్త లోపుంటే నాకిష్టం.

ఇక చెక్ మాల్టా, జర్మన్ మాల్టా అంటే, జర్మన్‌ది తక్కువదేం కాదు. దాంతో చేసిన బీరులో తీపి పెద్దగా మిగలదు, చేదు ముందుకొస్తుంది. ఉత్తర జర్మనీ పిల్స్‌కు అదే అందం. చెక్ బీరులో మాత్రం ఈస్ట్ తినగా కొంత తీపి, చిక్కదనం మిగలాలి. బోయోస్, మాల్జ్ లాంటి బార్లీ రకాలను అక్కడ ఆ గుణం చూసే ఎంచుకుంటారు. ‘చెక్ బీరు’ అన్న పేరుకు యూరోపియన్ యూనియన్ 2008లో భౌగోళిక గుర్తింపు కూడా ఇచ్చింది. చెక్ మాల్ట్ దొరకనప్పుడు చిక్కదనానికి కారాపిల్స్ అనే మాల్ట్ కాస్త కలుపుకుంటే తప్పులేదు. దొరికాక కూడా కలపడం దండగ.

పాత పద్ధతిలో నేలమీద మొలకెత్తించిన మాల్ట్ ఇప్పటికీ దొరుకుతుంది, ఖరీదెక్కువ. అయినా హాప్స్‌లో మిగిల్చి దీనికే పెడతాను. దీంతో ఒక్కటే పేచీ. ఇంత లేత మాల్ట్ మరుగుతుంటే ఉడికిన మొక్కజొన్న వాసన వస్తుంది. అది గిన్నెలో ఉండిపోకుండా మూత తీసేసి గంటన్నర మరిగించాలి. ఇంట్లోవాళ్లు కిటికీలు తెరవమంటారు, తెరవండి.