పాత విమానం రేడియో: ముందు తీగ చూడండి, తర్వాతే సెట్

సెస్నా 152 తయారీ 1985లోనే ఆగిపోయింది. అయినా బేగంపేటలో, నాదర్‌గుల్‌లో, మిర్యాలగూడ దాటి వెళ్తే కృష్ణకు అవతలి ఒడ్డున ఉన్న విజయపురి సౌత్ ఎయిర్‌స్ట్రిప్‌లో పైలట్ల శిక్షణకు అక్కరకొచ్చిన విమానాల్లో ఈ రెండు సీట్ల బుల్లి విమానానిది ముఖ్యమైన చోటు. గంటల లెక్క పూర్తయితే ఇంజన్‌కు ఓవర్‌హాల్ చేస్తారు, తుప్పు పట్టిన రేకు మారుస్తారు, టైర్లు కొత్తవి వేస్తారు. పాతబడిందని విమానాన్ని ఎవరూ అవతల పారేయరు. రేడియో దగ్గరికి వచ్చేసరికి మాత్రం నాలుగుసార్లు గరగరమంటే చాలు, కొత్త సెట్ కేటలాగ్ తెరుస్తారు. ఇది తొందరపాటు. పాత విమానంలో రేడియోను నిలబెట్టుకోవడానికీ మెరుగుపరచుకోవడానికీ ఒక క్రమం ఉంది. యాంటెన్నాతో మొదలుపెట్టి, కేబుల్, ట్రే, కరెంటు సరఫరా, మైకు తీగలు వరసగా చూసుకుంటూ వచ్చి, చిట్టచివర సెట్ ఉంచాలా తీయాలా అన్నది తేల్చాలి. ఈ క్రమంలో డబ్బు మిగులుతుంది. అంతకంటే ముఖ్యంగా భద్రత పెరుగుతుంది.

పాత సెట్ ఇంకా పనికొస్తుందనడానికి మొదటి ఆధారం విమానయానం ఎంచుకున్న రేడియో పద్ధతే. పైలట్లు కంట్రోల్ టవర్‌తో మాట్లాడేది 118 నుంచి 137 మెగాహెర్ట్జ్ మధ్య, ఏఎం పద్ధతిలో. పాటల స్టేషన్లు ఎఫ్‌ఎంకు మారినా విమానాలు మారలేదు, దానికి కారణం ఉంది. ఎఫ్‌ఎంలో ఇద్దరు ఒకేసారి మాట్లాడితే బలమైన సిగ్నల్ బలహీనమైనదాన్ని మింగేస్తుంది. ఏఎంలో రెండూ కలిసి ఈల వేసినట్టు వినిపిస్తాయి కాబట్టి ఇంకెవరో పిలుస్తున్నారని కంట్రోలర్ పసిగట్టగలడు. దశాబ్దాలుగా మారుతూ వచ్చినది చానళ్ల మధ్య ఎడం. 50 కిలోహెర్ట్జ్ ఎడం ఉన్నప్పుడు 360 చానళ్లు పట్టేవి. దాన్ని 25కి కుదిస్తే 720 అయ్యాయి, బ్యాండు పై అంచును 136 నుంచి 137 మెగాహెర్ట్జ్‌కు జరిపితే 760 అయ్యాయి. రద్దీ ఎక్కువైన యూరప్ 8.33 కిలోహెర్ట్జ్ ఎడానికి వెళ్లింది గానీ మన దగ్గర చిన్న విమానానికి 25 ఎడంతో పని జరిగిపోతుంది. అందుకే 1970ల నాటి కింగ్ కేఎక్స్ 170బి సెట్, అందులోని 720 చానళ్లతో, ఈనాటి టవర్‌తోనూ మాట్లాడగలదు.

రెండో ఆధారం మన నేల మీది దూరాలు. ఈ తరంగాలు దాదాపు చూపు మేరకే సాగుతాయి. చదునైన నేల మీద వెయ్యి అడుగుల ఎత్తున ఉన్న విమానానికి ఆ హద్దు సుమారు 72 కిలోమీటర్లు, మూడు వేల అడుగుల ఎత్తున సుమారు 125. హైదరాబాద్ నుంచి విజయవాడ రహదారి మీద సూర్యాపేట దాదాపు 135 కిలోమీటర్లు. అంటే బేగంపేట రన్‌వే పక్కన ఎంత నీరసించిన సెట్ అయినా గట్టిగానే వినిపిస్తుంది. అదే సెట్ సూర్యాపేట మీద మూడు వేల అడుగుల ఎత్తున హద్దు అంచున పనిచేయాలి. అక్కడి నుంచి విజయవాడ వైపు గన్నవరం విమానాశ్రయం పరిధి దగ్గరయ్యేదాకా ఇదే పరిస్థితి. కొత్త సెట్ కొన్నంత మాత్రాన ఈ హద్దు ముందుకు జరగదు. హద్దు లోపల అందాల్సిన సిగ్నల్‌ను దారిలో పోగొట్టుకోకుండా ఉండటమే మన చేతిలో ఉన్న పని. యాంటెన్నా వైపు స్టాండింగ్ వేవ్ నిష్పత్తి మూడుకు ఒకటి ఉంటే, పంపిన శక్తిలో నాలుగో వంతు వెనక్కి తిరిగి వస్తుంది. ఆ లోపం ఉంచుకుని సెట్ మార్చడం, చిల్లుపడ్డ పైపును వదిలేసి బోరు మోటారు మార్చినట్టే.

కాబట్టి అనుభవజ్ఞుడైన ఇంజనీర్ మొదట విమానం పైకి చూస్తాడు. యాంటెన్నా అడుగుభాగానికీ అల్యూమినియం రేకుకూ మధ్య తుప్పు పొర చేరితే ఎర్త్ తెగుతుంది. యాంటెన్నా విప్పి, రెండు ముఖాలూ మెరిసేలా శుభ్రం చేసి, కొత్త గాస్కెట్‌తో బిగించాలి. తర్వాత కేబుల్ చూడాలి. ఆ రోజుల్లో వేసిన ఆర్‌జీ-58 కేబుల్ తొడుగు ఎండకు పెళుసెక్కి, లోపలికి తేమ దిగి, అల్లిక తీగ నల్లబడుతుంది. దాని స్థానంలో టెఫ్లాన్ ఇన్సులేషన్, వెండిపూత వేసిన రెండు పొరల అల్లిక ఉన్న ఆర్‌జీ-400 వేయడం పాత విమానానికి చేయగల అప్‌గ్రేడ్‌లలో తక్కువ ఖర్చుకు ఎక్కువ ఫలితం ఇచ్చేది. వాట్‌మీటర్ పెట్టి ముందుకు వెళ్లే శక్తి ఎంత, తిరిగివచ్చేది ఎంత అని లాగ్‌బుక్‌లో రాసుకుంటే వచ్చే ఏడాది పోల్చుకోవడానికి ఆధారం దొరుకుతుంది. ఆపై సెట్ కూర్చునే ట్రే. సెట్ వెనక కాంటాక్టులు పూర్తిగా కూర్చోకపోతే, మసి పట్టితే, బాగున్న సెట్ కూడా చచ్చినట్టే ఉంటుంది. సెట్‌ను బయటికి లాగి, కాంటాక్టులు శుభ్రం చేసి, తిరిగి గట్టిగా బిగిస్తేనే ప్రాణం పోసుకునే సెట్లు ఉంటాయి.

సెట్ లోపలి జబ్బులకు ఎక్కువగా వేడే కారణం. విజయపురి సౌత్‌కు దగ్గర్లోని రెంటచింతల ఎండలు తెలుగువాళ్లందరికీ తెలిసినవే. ఆ ఎండలో ఏప్రన్ మీద నిలబెట్టిన విమానం ప్యానెల్ వెనక వేడి బయటికన్నా ఎక్కువే. ఉష్ణోగ్రత పది డిగ్రీలు పెరిగితే ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్ ఆయుష్షు దాదాపు సగమవుతుందని ఎలక్ట్రానిక్స్‌లో ఒక మోటు లెక్క ఉంది. ఎండిపోయిన కెపాసిటర్ల వల్లే మాటల వెనక గుయ్‌మనే హోరు మొదలవుతుంది. సమయానికి వాటిని మార్చడం, చిన్న కూలింగ్ ఫ్యాన్ పెట్టడం, ఇంజన్ స్టార్ట్ చేసేటప్పుడు ఏవియానిక్స్ మాస్టర్ స్విచ్ ఆపి ఉంచడం, ఈ మూడు అలవాట్లు సెట్‌ను ఏళ్ల తరబడి కాపాడతాయి. వోల్టేజీ సంగతీ చూడాలి. సెస్నా 150ది 14 వోల్టుల వ్యవస్థ, 152ది 28. 14 వోల్టులకు తయారైన కేఎక్స్ 170బిని 28 వోల్టుల విమానంలో పెట్టాలంటే వోల్టేజీ తగ్గించే కన్వర్టర్ తప్పదు. ఇంజన్ వేగంతో పాటు పెరిగే ఈల వినిపిస్తే ఆల్టర్నేటర్ ఫిల్టర్‌నూ, మైకు జాక్ దగ్గరి ఇన్సులేటింగ్ వాషర్లనూ ముందు అనుమానించాలి.

ప్రాణాలతో ముడిపడ్డ చోట పాతదాన్ని పట్టుకుని వేలాడటం ఎందుకని అడగవచ్చు. ఆ ప్రశ్న న్యాయమైనదే, దానికి జవాబు భావోద్వేగంతో చెప్పకూడదు. కొన్నిటిని నిర్మొహమాటంగా తీసేయాలి. ఫ్రీక్వెన్సీ నిలకడ తప్పి పక్క చానల్లోకి ఒరిగే ట్రాన్స్‌మిటర్ ఒకటి. ఎఫ్‌ఎం బ్యాండు 108 మెగాహెర్ట్జ్ దగ్గర ముగిసిన చోటే విమానాల నావిగేషన్ బ్యాండు మొదలవుతుంది. పక్కనున్న ఎఫ్‌ఎం స్టేషన్ల తాకిడిని రిసీవర్లు తట్టుకోవాలని అంతర్జాతీయ ప్రమాణాలు 1998 నుంచి కోరుతున్నాయి, తట్టుకోలేని ఐఎల్‌ఎస్ (రన్‌వేకు దారి చూపే) రిసీవర్‌తో మబ్బుల్లో దిగకూడదు. ప్రమాద సంకేతం పంపే ఈఎల్‌టీ 121.5 మెగాహెర్ట్జ్‌ది మాత్రమే అయితే, 2009 ఫిబ్రవరి 1 తర్వాత ఉపగ్రహాలు దాన్ని వినడం లేదు, 406 మెగాహెర్ట్జ్‌ది తప్పక పెట్టాలి. ఇవి వదిలేస్తే, బెంచ్ మీద పరీక్షకు నిలిచిన మాట్లాడే సెట్‌ను వయసు చూసి తీసేయడానికి కారణం లేదు.

విడిభాగాలు దొరకవు కదా అన్నది ఇంకో అభ్యంతరం. నార్కో లాంటి పేరున్న కంపెనీ 2011లో మూతపడింది. కింగ్ కేఎక్స్ 155 సెట్ల గ్యాస్ డిశ్చార్జ్ డిస్‌ప్లే పోతే మార్చడం ఖరీదైన పనే. ఇది నిజం, అందుకే ఇక్కడ మధ్యేమార్గం ఉంది. ఒక కొత్త సెట్ నంబర్ వన్‌గా పెట్టుకుని, బాగున్న పాత సెట్‌ను నంబర్ టూగా ఉంచాలి. ఒకే మోడల్ కొత్త సెట్లు రెండు పెడితే ఒకే లోపం రెండింటినీ ఒకేసారి పడగొట్టవచ్చు. వేర్వేరు కాలాల సెట్లకు ఆ ప్రమాదం తక్కువ. పైగా కొత్త సెట్ కొంటే ఖర్చు దాని ధరతో ఆగదు. వైరింగ్ హార్నెస్, ఆమోదిత డిజైన్ పత్రాలు, బరువు-తూకం లెక్క, వైర్‌లెస్ లైసెన్సులో మార్పు అన్నీ వెంట వస్తాయి. పాతదానికీ రాత పని తప్పదు. పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ ఆమోదం ఉన్న వర్క్‌షాప్ సర్టిఫికెట్ లేకుండా, ఎంత నేర్పరి బాగుచేసినా ఆ సెట్ విమానం ఎక్కకూడదు.

ఈ పనికి కావలసిన నేర్పు మనకు కొత్త కాదు. నిజాం ప్రభుత్వ భాగస్వామ్యంతో 1945లో పుట్టిన డెక్కన్ ఎయిర్‌వేస్ బేగంపేట నుంచి డకోటాలు నడిపింది. 1965లో హెచ్‌ఏఎల్ హైదరాబాద్ విభాగం ఏవియానిక్స్ కోసమే మొదలైంది. లోపాన్ని మీటరుతో వెతికి, కారణం తెలుసుకుని, ఒక్క భాగాన్ని మార్చే ఆ సంప్రదాయం పెట్టె మొత్తం మార్చే అలవాటులో కలిసిపోతే, రేపు కొత్త సెట్ మొరాయించినప్పుడు కూడా చూసేవాడు ఉండడు. శిక్షణ సంస్థలు బీ2 (ఏవియానిక్స్ ఇంజనీర్) కేటగిరీ విద్యార్థుల చేత ఒక పాత సెట్‌ను యాంటెన్నా నుంచి స్పీకర్ దాకా పరీక్ష చేయించాలి. విమానం ఉన్నవాళ్లు కొత్త సెట్ ధర అడిగే ముందు యాంటెన్నా విప్పించి, కేబుల్ కొలిపించాలి. ఆ కొలతలు బాగుండి కూడా సెట్ విఫలమైతే, అప్పుడు మార్చండి.