బహుకర్తృక కల్పితలోకమున నభోవర్తక రక్షణము

ఆలంకారికులు ఇతివృత్తమును ప్రఖ్యాతము, ఉత్పాద్యము, మిశ్రము అని మూడు విధములుగా విభజించిరి. ఇతిహాసాదులనుండి గ్రహింపబడినది ప్రఖ్యాతము. కవి తన బుద్ధిచే గల్పించినది ఉత్పాద్యము. రెండును గలసినది మిశ్రము. ధనంజయుని దశరూపకమున గల యీ విభాగము పండితులకు సుపరిచితమే. ఇరువదవ శతాబ్దమున నాంగ్లభాషయందు బ్రబలిన శాస్త్రకల్పిత వాఙ్మయమున నీ విభాగమునకు సులభముగా లొంగని జాతి యొకటి కలదు. ఒకడు నక్షత్రములను, వాని నడుమ దారులను, అందలి రాజ్యములను, రేవులను గల్పించును. పిమ్మట ననేకులు ఆ లోకమునందే తమతమ కథలను నడపుదురు. మొదటివాని కది ఉత్పాద్యము. తరువాతివారికి బ్రఖ్యాతము వలె బంధకము. ఇట్టిదానిని బహుకర్తృక కల్పితలోక మనవచ్చును.

ఐనను బ్రఖ్యాతవస్తువునకును దీనికిని ముఖ్యమైన భేద మొకటి కలదు. నాయకునకుగాని రసమునకుగాని విరుద్ధమైన దానిని విడుచుటకును, మార్చుటకును బ్రఖ్యాతవస్తువున గవికి స్వాతంత్ర్యము కలదు. భారతమున లేని దుర్వాసశ్శాపమును గాళిదాసు శాకుంతలమున జొప్పించుట కిదియే ఆధారము. కల్పితలోకమున నట్లు కాదు. అచ్చట గవి పాత్రల శీలమును మార్చవచ్చును, చరితమును మార్చవచ్చును. కాని దారుల నియమమును మార్చరాదు. ఓడ యెన్నిదినములలో నెంతదూరము పోవునో, వార్త యెట్లు ప్రసరించునో, ఇవి యందఱి కుమ్మడి సొత్తు. ఒకడు వానిని దప్పినచో దక్కినవారి కథలన్నియు బునాది లేని గోడలగును. ఈ నియమపాలనమును బరీక్షించుటకు నభోవర్తకులను జోరులబారినుండి కాపాడు ఘట్టముకంటె మంచి యొఱగల్లు లేదు. ఏలయన, చోరుని బ్రవేశపెట్టుట సులభము. తుదకు సేనానిని సమయమునకు దెచ్చి నిలుపుట మఱింత సులభము. కవి తొట్రుపడునది యచ్చటనే.

ఇందులకు "ట్రావెలర్" అను గ్రంథము ముఖ్యోదాహరణము. అమెరికాలోని గేమ్ డిజైనర్స్ వర్క్‌షాప్ అను సంస్థ దీనిని 1977లో బ్రకటించెను. కర్త మార్క్ మిల్లర్. ఇది చదువుటకు మాత్రమే కాక యాడుటకు నుద్దేశింపబడినది. కొందఱు బల్లచుట్టు గూర్చుండి, ఒక్కొక్క రొక్కొక్క పాత్రను బూని, పాచికలు వైచి ఫలములను నిర్ణయించుకొనుచు, సంభాషణముతోనే కథను నడపుదురు. లిఖితమైన నాటకము లేని నాట్యమని దీనిని జెప్పవచ్చును. దీనికి రంగమైన సామ్రాజ్యమును బిమ్మట ననేక గ్రంథకర్తలు వర్ణించి విస్తరింపజేసిరి.

ఈ లోకపు నియమములు కొన్నియే, కాని దృఢమైనవి. ఒక నక్షత్రమునుండి వేఱొక నక్షత్రమునకు నోడ దాటుటకు, దూర మెంతయైనను, సుమా రొక వారము పట్టును. ఒక్క దాటున బోదగిన దూరము యంత్రబలమును బట్టి యొక పార్సెక్ మొదలు ఆఱు పార్సెక్కుల వఱకు నుండును. పార్సెక్ అనగా వెలుగు 3.26 సంవత్సరములలో బోవు దూరము. ఓడకంటె వేగముగా వార్తను గొనిపోవు సాధన మేదియు లేదు. మఱియు గ్రహవ్యాసమునకు నూఱురెట్ల దూరములోపల నుండి యీ దాటు క్షేమముగా జరుగదు.

ఈ నియమములనుండి ఫలమును బిండినచో వర్తకుని యాపద యెచ్చట నున్నదో తేటపడును. భూమియంత గ్రహమునకు వ్యాసము సుమారు 12,742 కిలోమీటర్లు. దానికి నూఱురెట్లు 12,74,200 కిలోమీటర్లు. ఆ యెల్లయొద్ద వెలువడిన యోడ, భూమ్యాకర్షణమునకు సమానమైన త్వరణముతో సగముదారి వేగము పెంచుకొని, మిగిలిన సగమున దగ్గించుకొనుచు రేవు చేరుటకు సుమారు 6 గంటల 20 నిమిషములు పట్టును. నక్షత్రముల నడుమ దాటు వారములో నోడను దాకగలవా డెవ్వడును లేడు. చోరుడు పొంచియుండదగిన చోటు రేవునకును ఎల్లకును నడుమ గల యీ గంటల దారియే. అంతులేని యాకాశ మంతయు గాపు కాయ నక్కఱలేదు. వాకిలి గాచిన జాలును.

రెండవ ఫలము మఱింత కఠినము. పొరుగునక్షత్రమున నున్న నౌకాబలమునకు దాడివార్త చేరుట కొక వారము. ఆ బలము వచ్చుటకు వేఱొక వారము. అనగా నాలుగైదు గంటలలో ముగియు దోపిడికి బదునాలుగు దినములకు సహాయము వచ్చును. కావున నీ లోకమున "అంతలో సేన వచ్చెను" అని వ్రాసిన కవి తన కథను దానే చెఱచుకొన్నవా డగును. ముందుగనే యచ్చట నున్న కావలి తప్ప వేఱు కావలి లేదు. ఆపదకు ముందు చేయనిది ఆపద్వేళ జేయుటకు వీలులేదన్న నీతి యిచ్చట నుపదేశరూపమున గాక, నియమఫలముగనే సిద్ధించుచున్నది.

ఈ గ్రంథమున వర్తకుని స్థితియు లెక్కతోనే చెప్పబడినది. సామాన్య వర్తకుని 200 టన్నుల యోడ వెల 3,70,80,000 క్రెడిట్లు. క్రెడిట్ అనునది యా సామ్రాజ్యపు నాణెము. అప్పు తెచ్చి కొన్నవాడు నెలకు వెలలో 240వ వంతు చొప్పున 480 నెలలు చెల్లింపవలెను. అనగా నెలకు 1,54,500. తుదకు వెలకు రెండింతలు. ఓడలో సరుకు పట్టు తావు 82 టన్నులు. టన్నుకు గిరాయి 1,000. నెలకు రెండు ప్రయాణములు నిండుసరుకుతో జేసినను గిరాయి 1,64,000 మాత్రమే. ప్రయాణికుల రుసుము కొంత చేరినను, నౌకాసేవకుల జీతములు, ఇంధనము, మరమ్మతులు దానినుండియే తీరవలెను. ఒక్క ప్రయాణము చెడినచో నా నెల వాయిదా తప్పును. చోరు డోడను ముట్టడింపక పోయినను, వాని భయముచే వర్తకుడు పది దినములు రేవున నిలిచిపోయిన జాలును, వాని బ్రతుకు కూలును. వర్తకరక్షణ మనగా సరుకును గాపాడుట మాత్రమే కాదనియు, కాలమును గాపాడుట యనియు నీ లెక్క చెప్పుచున్నది.

ఇందు లోపము లేకపోలేదు. ఇట్టి వెలగల యోడ చోరునకును గావలెను గదా. వాని కది యెట్లు గిట్టును అను ప్రశ్న యీ లోకమును బ్రేమించు పాఠకులలోనే చిరకాలముగా వాదమునకు విషయమైనది. వార్త యోడకంటె ముందు పోదు కావున, నేరము తెలియకమున్నే దొంగసొత్తు నమ్మవచ్చునని యొకపక్షము. సరుకు వచ్చిన తీరు నడుగక కొను రేవు లేక చోరుడు బ్రతుకజాలడని రెండవ పక్షము. రెండవదియే బలవత్తరము. దొంగ యున్నచోట దొంగసొత్తు కొనువాడు నుండితీరవలెను. ఆ కొనువానిని జూపక చోరుని మాత్రము చూపు కథ సగము కథ. ఈ లోకమున వెలువడిన కథ లన్నియు నీ విషయమున సమానముగా మెలకువ చూపినవి కావు.

ఏకకర్తృకమే యైనను, ఈ తెగ వాఙ్మయమునకు మార్గదర్శక మనదగిన కథ పౌల్ ఆండర్సన్ వ్రాసిన "మార్జిన్ ఆఫ్ ప్రాఫిట్". ఇది 1956లో ఎస్టౌండింగ్ పత్రికయందు వెలువడినది. బోర్థు అను రాజ్యమువారు తమ సీమగుండ బోవు నోడలను బట్టుకొని, నావికుల మనస్సులను మార్చి తమ నౌకాబలమున జేర్చుకొనుచుందురు. నావికులు ఆ దారిని బోమందురు. చుట్టుదారి పట్టినచో లాభము హరించును. ప్రతియోడకు నాయుధములు సమకూర్చినను హరించును. నాయకుడైన నికొలస్ వాన్ రైన్ స్థూలకాయుడు, భోజనప్రియుడు, పలుకున మోటువాడు. పగ తీర్చుకొనుట యాతని యుద్దేశము కాదు. దోపిడి దోచువానికే గిట్టకుండ జేయుట యాతని యుపాయము. కొన్ని యోడలకు మాత్రమే రహస్యముగా నాయుధబలము గూర్చును. ఏ యోడ యెట్టిదో శత్రువు తెలిసికొనజాలడు. కొద్దిమంది నావికులు గల వర్తకనౌకలను గొన్నిటిని బట్టినను, పెద్ద సిబ్బంది గల తన యుద్ధనౌక నొక్కదానిని గోలుపోయినచో శత్రువునకు నష్టమే మిగులును. ఇచ్చట వీరరసమునకు ఖడ్గము కాక గణితము సాధన మైనది. కథయందలి సమస్య యే లెక్కనుండి పుట్టినదో పరిష్కారము నా లెక్కనుండియే పుట్టుటచే నిది యౌచిత్యమునకు మేలైన లక్ష్యము.

చోరుల ప్రమాదముకంటె లోతైన ప్రమాదమును జూపినది సి. జె. చెర్రీ. ఆమె వ్రాసిన "డౌన్‌బిలో స్టేషన్" 1981లో వెలువడి, మఱుసటియేట హ్యూగో బహుమానమును బడసినది. ఈమె కల్పించిన లోకమును బిమ్మట నితరులకును దెఱవబడినది. ఆ లోకమునకు జెందిన యొక గ్రహమును రంగముగా గొని, పలువురు వ్రాసిన కథల సంపుటములు 1987 మొదలు వెలువడినవి. "డౌన్‌బిలో స్టేషన్"న భూమి పంపిన నౌకాబలము సేనాని మేజియన్ క్రింద జిరకాలము యుద్ధము సాగించును. భూమినుండి సాయ మడుగంటగా నా బలము వర్తకుల సరుకులను, మనుష్యులను బలిమి గొని బ్రతుకజొచ్చును. తుదకది చోరబలమే యగును. కంచె చేను మేసిన చందము. అప్పుడు రక్షణ యెవరివలన గలిగెను? వర్తకకుటుంబములు తమలో దాము కట్టుగట్టి, తామోడలు నడపనిచో నే రాజ్యమునకును నన్నము పుట్టదన్న సత్యమును నాయుధముగా జేసికొనుటవలన గలిగెను. మఱుసటియేట వచ్చిన "మర్చంటర్స్ లక్" నవలయందు, చోరులచే గుటుంబమును గోలుపోయి, దొంగపత్రములతో నొంటిగా బాతయోడ నడపు సాండర్ క్రేజా చరితము కరుణరసభరితము.

ఈ ఘట్టములను జదువునపు డాంధ్రపాఠకునకు మోటుపల్లి శాసనము స్ఫురించుట సహజము. గణపతిదేవుడు శా. శ. 1166 (క్రీ. శ. 1244) నాటి యా శాసనమున, గాలివానచే దరిజేరిన యోడల సొత్తును బూర్వరాజులు హరించుచుండిరని చెప్పి, తాను క్లుప్తమైన సుంకము తప్ప నేమియు గొననని యభయ మొసగెను. వర్తకునకు రేవు గల రాజువలనను భయము కలదనియు, రక్షణము ముందుగా రాజు తన చేతిని దాను గట్టుకొనుటతో నారంభించుననియు నా శాసనము చెప్పుచున్నది. చెర్రీ నవలయు నా సత్యమునే వేఱుత్రోవను జేరినది.

ఇందు లెక్కలు మెండు, రసము తక్కువ యను నాక్షేపణ మొకటి వినబడును. సంఖ్యలను గుప్పించి పాత్రలను మఱచిన కథల విషయమున నీ యాక్షేపణము సమంజసమే. కాని లెక్క స్వయముగా రసవిరోధి కాదు. వీరమునకు స్థాయి యుత్సాహము. కార్యము దుష్కరమని తెలిసినగాని యుత్సాహమునకు విలువ లేదు. నెల వాయిదా, ఆఱుగంటల దారి, పదునాలుగు దినముల యెడము, ఇవి యా దుష్కరత్వమును మూర్తీభవింపజేయు నుద్దీపనములు. వీనిని దీసివేసినచో నావికుని ధైర్యము చిత్రమునందలి కత్తి వలె నగును. మెఱయునే కాని తెగదు.

కావున బహుకర్తృక లోకమున గథ వ్రాయువాని యోగ్యతను నిర్ణయించుటకు మూడు ప్రశ్నలు చాలును. ఆతని చోరుడు దోచినసొత్తు నెవరికి నమ్ముచున్నాడు? ఆతని రక్షకునకు వార్త యెప్పుడు చేరినది? ఆ రక్షకుని పోషించువా రెవరు? ఈ మూటికి బూర్వకర్తలు విధించిన నియమములలోనే యుత్తరము చెప్పినవాడు పరుల సొత్తును జెఱుపక పెంచినవాడు. చెప్పజాలనివాడు, చోరులను గూర్చి వ్రాయుచునే, పదిమంది కూడబెట్టిన దానిని దాను గొల్లగొట్టినవా డగును. ఈ వాఙ్మయమును బాలుర వినోదమని త్రోసివేయక, యీ దృష్టితో సహృదయులు పరిశీలింతురు గాక.