నాంపల్లి పాత ఛాయాచిత్రాలు: ఆకర్షణ, ఆధారం

ఆబిడ్స్ కాలిబాటలపై ఆదివారం సాగే పాత పుస్తకాల అంగళ్లలో, హైదరాబాదు పూర్వపు భవనాల చిత్రాలున్న సంపుటం కనిపిస్తే చేయి దానిమీదికే పోతుంది. ఈ ఆకర్షణను గతంపై మమకారమని సరిపెట్టుకుంటే విమర్శకు పని ఉండదు. ఆ చిత్రం దేనిని చూపి, దేనిని విడిచి చూపరిని ఆకట్టుకుంటున్నదో పరిశీలించవలసి ఉంది.

మొదటి ఆకర్షణ నిర్జనత. కట్టడం అంచులదాకా స్పష్టంగా రావాలంటే కటకపు రంధ్రాన్ని కుదించాలి. అప్పుడు చాలినంత వెలుతురు కోసం కెమెరాను ఎక్కువసేపు తెరిచి ఉంచాలి. ఈలోగా కదిలిన మనుషులు మసకబారుతారు, లేదా పూర్తిగా మాయమవుతారు. నేటి చూపరి ప్రశాంతతగా భావించేదానిలో కొంత నగరానిది కాదు, సాంకేతికతది.

రెండవది ఎంపిక. ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఛాయాచిత్రకారుడైన రాజా దీన్‌దయాళ్ మహళ్లను, వేట విడుదులను చిత్రించాడు. ఔరంగాబాదు ప్రాంతపు కరవు సహాయక పనులనూ చిత్రించాడు. అలంకరణగా గోడకెక్కేవి మొదటి రకమే. రెండవ రకానిదీ అదే కెమెరా, అదే కాలం. కనుక పాతదనం ఒక్కటే ఆకర్షణకు కారణం కాదు. ఏ గతాన్ని అందంగా చూడదలచామన్నదే నిర్ణాయకం.

మూడవది పేరు. దీన్‌దయాళ్ 1905లో మరణించాడు. నాంపల్లి రైల్వే స్టేషన్ 1907 నాటిది. అదే ప్రాంతంలోని పబ్లిక్ గార్డెన్స్ చెంత టౌన్‌హాలు నిర్మాణం 1905లో మొదలై 1913లో పూర్తయింది. కాబట్టి పూర్తయిన టౌన్‌హాలు చిత్రం కింద ఆయన పేరుంటే, అది ఆయన స్వయంగా తీసినది కాజాలదు. ఇంత చిన్న తేదీల పోలిక ఒక ప్రసిద్ధ నామపు మహిమను ప్రశ్నించగలదు.

ఆ టౌన్‌హాలు చిత్రమే మరొక సంగతి చెబుతుంది. తెల్లని గుమ్మటాలను చూసినవారు దానిని రాజభవనమనుకోవచ్చు. నిజానికి అది నిజాం నలభయ్యవ జన్మదినానికి గుర్తుగా పౌరులు కట్టించిన సభాభవనం. తర్వాత శాసనసభకు నెలవైంది. ప్రభుభక్తి, పౌరజీవనపు తొలి అడుగు రెండూ అందులో ఉన్నాయి. రూపం ఒక్కటే చూస్తే మొదటిదే కనిపిస్తుంది.

1989లో ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రం దీన్‌దయాళ్ స్టూడియోకు చెందిన 2857 గాజు పలకలను సేకరించింది. ఇటువంటి మూలాలు భద్రంగా ఉన్నప్పుడు పునర్ముద్రణపైనే ఆధారపడటం పరిశోధనకు తగదు. తాళపత్ర ప్రతిని పరిష్కరించేవారు కర్త ఎవరు, లేఖకుడు ఎవరు, కాలమేది, ఎవరి ఆదరణలో పుట్టిందని విచారిస్తారు. హైదరాబాదు నేపథ్యంగా గల తెలుగు కథను, నవలను చర్చించే వ్యాసాలలో పాత చిత్రాన్ని ఆధారంగా చూపేటప్పుడూ ఆ ప్రశ్నలే అడగాలి. అప్పుడు చిత్రపు అందం తగ్గదు. దానిని సాక్ష్యంగా ఎంతవరకు నమ్మవచ్చో తేలుతుంది.