తప్పు ఎటువైపు?

మదురైలో చీరల వ్యాపారానికి ఒక్క పంచాంగం చాలదు. విళక్కుత్తూణ్ దగ్గరి కొట్లలో తమిళ క్యాలెండర్ వేలాడుతుంది. మాలాంటి తెలుగు ఇళ్లలోకి ఉగాదికి కొత్త పంచాంగం వస్తుంది. వచ్చే వారం ఎన్ని సుంగుడి చీరలు పోతాయో చెప్పే కంప్యూటర్‌కు తెలిసినవి మాత్రం ఇంగ్లీషు తేదీలే. అది చెప్పిందెంత, పోయిందెంత అని వారం వారం సరిచూడటం నా పని.

చిత్తిరై ఉత్సవాన్నే చూడండి. అళగర్ స్వామి వైగై నదిలో దిగింది 2023లో మే 5న, 2024లో ఏప్రిల్ 23న, 2025లో మే 12న. తమిళుల చిత్తిరై నెల ఏప్రిల్ నడుమ మొదలవుతుంది. ఆ నెలలో పడే పున్నమే ఊరికి పండగ. 2025లో మన చైత్ర పున్నమి ఏప్రిల్ 12నే వెళ్లిపోయింది కాబట్టి అళగర్ దిగింది మన వైశాఖ పున్నమినాడు. మాసి నెలలో జరిగే మీనాక్షి కల్యాణాన్ని చిత్తిరైకి మార్చి అళగర్ ఉత్సవంతో కలిపింది మదురై రాజు తిరుమల నాయకుడేనని ఇక్కడ చెబుతారు. గుడి చుట్టూ మాసి వీధుల పేర్లు మాత్రం అలాగే ఉండిపోయాయి.

'పోయినేడు ఇదే వారం' అని లెక్కవేసే మోడల్ 2025లో ఏం చేస్తుంది? ఏప్రిల్ నాలుగో వారానికి ఎక్కువ చెబుతుంది, మే రెండో వారానికి తక్కువ చెబుతుంది. అక్కడ 300 మిగిలి, ఇక్కడ 300 చాలలేదనుకుందాం. రెండు నెలలూ కలిపితే తేడా సున్నా. రిపోర్టు భేష్! కొట్లో మాత్రం ముందు మూటలు విప్పకుండా పడి ఉంటాయి, తర్వాత గిరాకీ పక్క కొట్టుకు పోతుంది.

అందుకే రెండు లెక్కలు కట్టాలి. ప్లస్, మైనస్ గుర్తులు తీసేసి సగటు కడితే తప్పు ఎంతో తెలుస్తుంది. గుర్తులతోనే కూడుకుంటూ పోతే ఎటువైపో తెలుస్తుంది. తప్పు ఒక వారం అటు, ఒక వారం ఇటు పడుతుంటే కంగారు అక్కర్లేదు. అన్నీ ఒకే వైపు పడుతుంటే మోడల్‌కు తెలియనిదేదో బజారులో జరుగుతోందన్నమాట. కూడిన తేడా సగటు తేడాకు నాలుగు రెట్లు దాటితే ఆగి చూడమనేది ఈ రంగంలో పాత వాడుక.

ఏ అంచనాతో పోల్చాలన్నదీ ముఖ్యమే. సుంగుడికి ముడులు వేయాలి, రంగులో ముంచాలి, ఆరబెట్టాలి. ఆర్డరు వారాల ముందే వెళ్తుంది. కాబట్టి ఆర్డరు పెట్టిన నాటి అంకెనే పట్టుకోవాలి. నిన్న సవరించిన అంకె ఎంత దగ్గరగా ఉన్నా, నేతగాడికీ ముడులు వేసే ఆవిడకూ దానితో పని లేదు.

సున్నా తేడానూ అనుమానించాలి. మోడల్ 100 అంది, 100 పోయాయి. కొట్లో ఉన్నవే 100 అయితే? నూట ఒకటో ఆవిడ అడిగి వెళ్లిపోయిన సంగతి బిల్లు పుస్తకంలో ఉండదు. అలాంటి వారానికి నేను 'స్టాకు లేదు' అని రాసి, ఆ వారాన్ని సగటులో కలపను. కౌంటరులో వాళ్లను అడిగితేగానీ ఆ మాట బయటికి రాదు.

ఇక మనిషి చెయ్యి. "ఆడి నెల తగ్గింపు కదయ్యా, ఇంకో రెండు మూటలు వెయ్యి" అంటారు కొట్టు పెద్దాయన. వేస్తాను. మోడల్ అంకె ఒక గడిలో, ఆయన అంకె పక్క గడిలో. పండగ వారాల్లో చాలాసార్లు ఆయనే గెలుస్తారు. మామూలు వారాల్లో ఆయన చెయ్యి పెంచడమే గానీ తగ్గించడం ఎరగదు. రెండు గడులూ ఎదురుగా పెడితే వాదన లేకుండా ఆయనే తగ్గించుకుంటారు.

అంచనా తప్పగానే కొత్త సాఫ్ట్‌వేర్ కొందామంటారు. చాలాసార్లు కావలసింది పంచాంగంలోని ఒక తేదీ. ఆ తేదీ ఏదో పట్టిచ్చేవి మనం విడివిడిగా రాసి ఉంచుకున్న తప్పులే. వాటిని ఒకే శాతంగా కలిపేసిన రోజున ఆ సమాచారం పోతుంది.