సంగాం దగ్గర కలిసే లెక్క

తోటపల్లి బ్యారేజీ గేట్లు ఎత్తారన్న కబురు రాగానే శ్రీకాకుళంలో ఏటి ఒడ్డువాళ్లు అడిగేవి రెండే: నీళ్లు ఇక్కడికి ఎప్పుడొస్తాయి, ఎంతొస్తాయి? ఎంటెక్‌లో సిస్టమ్స్ ఇంజినీరింగ్, మోడలింగ్ చదివేవాళ్లకు ఉత్తరాంధ్రలో ఇంతకన్నా మంచి ప్రశ్న దొరకదు.

కలహండి కొండల్లో పుట్టిన నాగావళి సుమారు 256 కిలోమీటర్లు ప్రవహించి కళ్లేపల్లి దగ్గర సముద్రంలో కలుస్తుంది. తోటపల్లి దాటాక వంగర మండలం సంగాం దగ్గర సువర్ణముఖి, వేగావతి నీళ్లు వచ్చి చేరతాయి. ఆ నీళ్లకు మడ్డువలసలో వేరే రిజర్వాయరు, వేరే గేట్లు. ఎవరి గేట్ల లెక్క వారు తప్పు లేకుండా చేసుకున్నా, రెండు పోట్లూ ఒకే వేళకు సంగాం చేరితే ఆ మొత్తం భారం నారాయణపురం ఆనకట్ట మీద, ఆ తర్వాత శ్రీకాకుళం పట్టణం మీద పడుతుంది. విడిగా అన్నీ సక్రమమే, కలిస్తేనే చిక్కు. సిస్టమ్స్ ఇంజినీరు పని అక్కడ మొదలవుతుంది.

దీనికి పాత పనిముట్టు మస్కింగమ్ పద్ధతి. అమెరికాలో ఒహాయో రాష్ట్రంలోని ఆ పేరుగల నది మీద వరద కట్టడి కోసం 1930లలో పుట్టింది. రెండు అంకెలు తేల్చాలి: పోటు ఆ మేర దాటడానికి పట్టే కాలం ‘కె’, ఏట్లో నిలిచే నీటి మీద పై ప్రవాహానికున్న పలుకుబడి ‘ఎక్స్’. ఎక్స్ సున్నా అయితే ఏరు చెరువులా నీటిని ఆపి, నెమ్మదిగా వదులుతుంది. 0.5 అయితే పోటు తగ్గకుండా కిందికి జరిగిపోతుంది. మామూలు నదులకు 0.2కి అటూ ఇటూ ఉంటుంది.

పాత వరద రికార్డు ముందేసుకుని, ఎక్స్ 0.1 అనుకుని ఏట్లో నిలిచే నీటికీ, పై-కింది ప్రవాహాలకూ మధ్య గ్రాఫ్ గీస్తే, వరద ఎక్కేటప్పుడు ఒక దారి, తీసేటప్పుడు ఇంకో దారి పట్టి గీత ఉచ్చులా విడిపోతుంది. 0.15, 0.2 అంటూ మార్చుకుంటూ పోతే ఉచ్చు సన్నబడి ఇంచుమించు ఒకే గీత అవుతుంది. ఆ గీత వాలే కె. హెచ్‌ఈసీ-హెచ్‌ఎంఎస్ లాంటి సాఫ్ట్‌వేర్ ఇదంతా క్షణంలో చేసిపెడుతుంది. కానీ ఒక్కసారైనా చేత్తో గీయనివాడికి అది ఇచ్చిన అంకె మీద అనుమానమే రాదు. నాకు భయం అక్కడే.

అసలు తెలివి హద్దు గీయడంలో ఉంది. మధ్యలో వచ్చి కలిసే గెడ్డల్ని మస్కింగమ్ తనంతట తాను లెక్కలోకి తీసుకోదు. తోటపల్లి నుంచి శ్రీకాకుళం దాకా ఒకే ముక్కగా తీసుకుంటే సంగాం మాయమైపోతుంది. అక్కడ తెగ్గొట్టి రెండు ముక్కలు చెయ్యాల్సిందే. పైన ఒడిశాలోని రాయగడలో పడే వానను వదిలేసినా మోడల్ నిలవదు. రాష్ట్రాల సరిహద్దు నీటికి పట్టదు.

తర్వాత పరీక్ష. ఏ వరదతో అంకెలు సరిచూసుకున్నామో అదే వరదను మళ్లీ చూపించి మార్కులు కొట్టేయడం కాకిలెక్క. మోడల్ చూడని వరదతో పరీక్షించాలి. 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ తుపానుకు పక్క నది వంశధార పొంగింది. మామూలు అల్పపీడనపు వానలతో తయారైన వంశధార మోడల్ ఆ రోజు ముందు నిలబడుతుందా? వైవాలో నేనైతే మొదట ఇదే అడుగుతాను.

హిరమండలం రిజర్వాయరు నుంచి నారాయణపురం ఆనకట్టకు వంశధార నీళ్లు తెచ్చే అనుసంధాన పథకం ఒకటుంది. ఆ కాలువ పారితే రెండు నదులకు వేరువేరు మోడళ్లు చాలవు. వంశధార మీది గొట్టా బ్యారేజీ గేట్లనూ ఇదే లెక్కలోకి తెచ్చుకోవాలి.