మాఫీ సరే, హిసాబ్ ఏది?

ఇల్లు కిరాయికి అడగబోతే, మా పేరు విని 'ఇప్పుడే ఇచ్చేశామండీ' అన్న ఓనర్ చెడ్డవాడు కాదు. బ్రోకరూ చెడ్డవాడు కాదు. పక్కింటాయన రంజాన్‌కు మా ఇంట్లో షీర్ ఖుర్మా తాగినవాడే. చెడ్డవాళ్లెవరూ లేరు. ఇల్లు మాత్రం దొరకదు.

అందుకే 2021 ఫిబ్రవరిలో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రిక 'జామా' తన పాడ్‌కాస్ట్ ప్రచారానికి వేసిన ప్రశ్న మాకు ఎప్పుడో విన్నట్టే అనిపించింది. ఏ డాక్టరూ జాతివివక్ష చూపడు కదా, మరి వైద్యంలో వ్యవస్థాగత వివక్ష ఎలా ఉంటుంది? ఇదీ దాని సారాంశం. గొడవయింది. ప్రకటన తీసేశారు. ఆ జూన్ నెలాఖరుకు సంపాదకుడు హోవర్డ్ బౌచ్నర్ పదవి దిగిపోయాడు. మనిషి పోయాడు, ప్రశ్న పోయిందా?

జవాబు ఆ సంస్థ చరిత్రలోనే ఉంది. 1847లో పుట్టిన ఆ సంఘం, సభ్యులుగా ఎవరిని చేర్చుకోవాలన్నది స్థానిక సంఘాలకు వదిలేసింది. దక్షిణాది సంఘాలు నల్లజాతి డాక్టర్లకు తలుపులు మూశాయి. సభ్యత్వం లేకపోతే చాలాచోట్ల తన రోగిని ఆసుపత్రిలో చేర్చుకునే హక్కు కూడా ఉండేది కాదు. పైనున్న సంస్థ చేతికి మాత్రం మట్టి అంటలేదు. 1895లో నల్లజాతి డాక్టర్లు నేషనల్ మెడికల్ అసోసియేషన్ పేరుతో వేరుకుంపటి పెట్టుకోక తప్పలేదు. 1910 నాటి ఫ్లెక్స్‌నర్ నివేదిక తర్వాత ఏడు నల్లజాతి వైద్య కళాశాలల్లో మిగిలినవి రెండే: హోవర్డ్, మెహారీ. నివేదిక మాట్లాడింది ప్రమాణాల గురించి. ప్రమాణం, ప్రతిభ అనే మాటలు వినగానే మేం చెవులు రిక్కించేది ఇందుకే.

2008 జులైలో సంఘం మాఫీ అడిగింది. 2020 నవంబర్‌లో జాతివివక్షను ప్రజారోగ్యానికి ముప్పుగా ప్రకటించింది. మంచిదే, కాదనం. కానీ మాఫీ అడిగిన మరుసటి ఏడే, 2009లో, కిడ్నీ పనితీరు లెక్కగట్టే కొత్త సూత్రం ఒకటి వచ్చింది. ఇది ఆ సంఘం చేసింది కాదు. వైద్యరంగమంతా వాడింది. రోగి నల్లజాతి అయితే ఫలితాన్ని 1.159తో హెచ్చవేయాలి. వాళ్లకు కండ ఎక్కువన్న ఊహ దీనికి ఆధారం. ఒకే వయసు, ఒకే రక్తపరీక్ష. తెల్లవాడికి 18 వస్తే నల్లవాడికి దాదాపు 21. డయాలసిస్ దాకా పోకముందే కిడ్నీ మార్పిడి జాబితాలో ఎదురుచూసిన కాలం లెక్కకు రావాలంటే అంకె 20కి దిగాలి. ఒకరు వరసలో నిలబడ్డారు. ఒకరు గుమ్మం బయటే ఉండిపోయారు. దీనికి ద్వేషించే డాక్టరు అక్కర్లేదు. కాలిక్యులేటర్ చాలు.

2021 సెప్టెంబర్‌లో అక్కడి కిడ్నీ వైద్య సంస్థలు ఆ హెచ్చవేతను తీసేయమన్నాయి. అంతటితో ఆగితే అదీ ఇంకో మాఫీ అయ్యేది. కానీ 2023 జనవరి నుంచి అవయవ మార్పిడి నిబంధనలే మారాయి. ఆసుపత్రులు జాబితాలోని నల్లజాతి రోగుల పాత రికార్డులు తిరగేసి, పోగొట్టుకున్న కాలాన్ని వాళ్ల ఖాతాలో తిరిగి వేయాలి. వేలాదిమందికి అలా కాలం తిరిగొచ్చింది. ఈలోగా చనిపోయినవాళ్లకు తిరిగి ఇవ్వడానికి ఏమీ మిగల్లేదు.

బాధ్యత అంటే ఇదీ. పశ్చాత్తాపం కాదు, పద్దు సరిచేయడం. అమెరికా ఆసుపత్రుల్లో మన తెలుగు డాక్టర్లు ఎందరో ఉన్నారు. ఆ సూత్రం నడిచిన రోజుల్లోనూ ఉన్నారు. వాళ్లు ద్వేషంతో పనిచేశారని మేం అనం. ద్వేషం లేకుండానే ఇంత అన్యాయం జరుగుతుందని మాత్రం వాళ్లు ఒప్పుకోవాలి. ఇక్కడికొచ్చినప్పుడు ఆ మాట ఇక్కడా చెప్పాలి.

మీరు మంచివాళ్లా అని మేం అడగడం లేదు. రిజిస్టర్ తెరవమంటున్నాం. ఓనర్ మంచివాడే. మరి ఆ వీధి మొత్తంలో మా పేరున్న తలుపు ఒక్కటి చూపించండి.